జీతం ఆగిన నెలల పద్దు పుస్తకం: ఖర్చు తగ్గించేటప్పుడు దేన్ని ముట్టకూడదు?

ప్రశ్న – పద్దుపుస్తకం (హనుమకొండ)

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఒక ప్రైవేటు పాఠశాలలో గణితం బోధిస్తాను. హైదరాబాదులో మా తమ్ముడి ఉద్యోగం రెండు నెలల క్రితం పోయింది. ఇంటి ఖర్చు ఎలా కుదించుకోవాలో కలిసి ఆలోచిద్దామని వచ్చే ఆదివారం వాడు, మా మరదలు మా ఇంటికి వస్తున్నారు. వాళ్లకు చూపిద్దామని 2020, 2021 నాటి మా పద్దు పుస్తకాలను అటక మీద నుంచి దింపి నాలుగు రాత్రులు కూర్చుని చదివాను. చదివిన తరువాత వాడికి సలహా చెప్పే ధైర్యం తగ్గిపోయింది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. మాకు ఏప్రిల్‌లో సగం జీతం వచ్చింది, మే నుంచి అదీ లేదు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచినా మార్చి 24 నుంచి మళ్లీ మూసివేశారు. నిజంగా తెరుచుకున్నది ఆ ఏడాది సెప్టెంబరు 1న. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించి ఇచ్చింది, ఆ బియ్యం మాకు ఎంతో ఆసరా అయింది. మిగిలిన కాలమంతా మా ఇల్లు నా భార్య కుట్టు మిషను మీద, నాలుగిళ్లలో నేను చెప్పిన ట్యూషన్ల మీద, బంధువుల చేబదుళ్ల మీద నడిచింది.

2020 ఫిబ్రవరిలో మా ఖర్చు 21,500 రూపాయలు, అందులో తిండికి 6,800. అదే ఏడాది ఆగస్టులో మొత్తం ఖర్చు 11,000కు దిగింది, కాని తిండి ఖర్చు 5,600 వద్దనే ఆగింది. అంటే మూడో వంతు కూడా లేని తిండి ఖర్చు సగానికి వచ్చింది, తిన్నది మాత్రం మునుపటికన్నా తక్కువే. వారానికొకసారి వండుకునే కోడికూర నెలకొకసారికి మారింది. కందిపప్పు కిలోన్నర చాలింది, ఎందుకంటే వారంలో మూడు రోజులు పచ్చిపులుసుతోనే సరిపెట్టుకున్నాం. దినపత్రిక మాన్పించాం, దసరాకు బట్టలు కొనలేదు, బండి తీయడం మానేశాను. ఇవన్నీ కూర్చుని మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయాలే కాబట్టి వాటిని తలచుకుంటే నాకు బాధ లేదు.

బాధ పెట్టిన పద్దు వేరే ఉంది. మా అమ్మ రక్తపోటుకు వేసుకునే మాత్రలు అట్టకు పదిహేను, నెలకు రెండు అట్టలు. జూలై నుంచి పుస్తకంలో నెలకు ఒక్క అట్టే కనిపిస్తోంది. ఎవరూ ఆమెకు తగ్గించుకోమని చెప్పలేదు, తానే రోజు విడిచి రోజు వేసుకుంటూ వచ్చింది. 2021 జనవరిలో వాకిట్లో కళ్లు తిరిగి పడిపోయి మణికట్టు విరిగినప్పుడు, రక్తపోటు అదుపు తప్పిందని డాక్టరు చెప్పే వరకు మాకు ఆ సంగతి తెలియదు. అట్ట 90 రూపాయల చొప్పున ఆరు నెలల్లో మిగిలింది 540 రూపాయలు, కట్టుకు, పరీక్షలకు, మందులకు అయింది 23,000. ఆ నెలల పద్దులన్నీ నా చేతి రాతే. ప్రతి నెలాఖరున కూడికలు సరిచూసుకున్నాను గాని, ఒక అట్ట ఎందుకు తగ్గిందని ఒక్కసారీ అడగలేదు.

ఆదాయం ఆగిపోయిన కాలంలో మీ ఇళ్లలో మొదట ఏది ఆగింది? అప్పుడు మంచిదనిపించి తరువాత నష్టం చేసిన కోత ఏది? ఎంత ఇబ్బంది వచ్చినా ముట్టకూడనిది ఏది? అనుభవంతో చెప్పగలిగినవారు దయచేసి రాయండి.


జవాబు – చిల్లరకొట్టు (తెనాలి)

మాస్టారూ, నాకు తెనాలిలో కిరాణా కొట్టు ఉంది, ఇరవై ఏడేళ్లుగా ఈ కాటా ముందే కూర్చుంటున్నాను. ఒక ఇంటికి కష్టం వచ్చిందని వాళ్ల చుట్టాలకన్నా ముందు నాకు తెలుస్తుంది. సరుకుల చీటీ పొట్టిదవుతుంది. నెల వెచ్చాలు ఒక్కసారి తీసుకెళ్లే ఇల్లు వారం వారం రావడం మొదలుపెడుతుంది, ఆ తరువాత ఏ పూటకు ఆ పూట పిల్లవాణ్ణి పంపుతుంది. జీడిపప్పు, యాలకులు, అగరుబత్తులు ముందు ఆగుతాయి. తరువాత ఒంటి సబ్బు, బట్టల సబ్బు రకం మారతాయి. ఆ తరువాత కందిపప్పు స్థానంలో ఎర్రపప్పు వస్తుంది. టీ పొడి, పంచదార మాత్రం చివరి వరకు ఆగవు. ఆకలిని కాసేపు ఆపేది అదొక్కటే కాబట్టి నేను దాన్ని దుబారా అనను.

మీ తమ్ముడి గారికి ముఖ్యంగా చెప్పవలసింది చిన్న ప్యాకెట్ల సంగతి. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు పది రూపాయల ప్యాకెట్టు చవకగా కనిపిస్తుంది, కాని లెక్క వేస్తే చాలా సరుకుల్లో పెద్ద ప్యాకెట్టుకన్నా దానిలోనే గ్రాము ధర ఎక్కువ పడుతుంది. పైగా ముడిసరుకుల ధరలు పెరిగిన ఏళ్లలో కంపెనీలు అయిదు, పది రూపాయల ధరలను కదిలించకుండా లోపలి గ్రాములు తగ్గించాయి. 2021, 2022లో బిస్కెట్లు, సబ్బులు, చిరుతిళ్లలో ఇది బాగా జరిగింది. ధర మారలేదు కదా అని జనం అదే కొంటారు, ముందు వారానికి వచ్చే ప్యాకెట్టు అయిదు రోజులకే ఖాళీ అవుతుంది. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో ముద్రిస్తున్నారు, కొనేముందు ఆ చిన్న అక్షరాలు చదవమని చెప్పండి. షాంపూ ఒక్కటి దీనికి భిన్నం, కొన్ని రకాల్లో సీసాకన్నా సాచెట్టే చవక పడుతుంది. కాబట్టి అలవాటును నమ్ముకోకుండా ప్రతి సరుకుకూ లెక్క వేసుకోవాలి.

నూనె విషయంలో 2022ను మరచిపోలేను. మన దేశం పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే తెచ్చుకునేది. ఆ ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైన కొద్ది రోజుల్లోనే ధర ఎగబాకింది. జనం పామాయిల్ వైపు తిరిగారు, అంతలో ఏప్రిల్ 28 నుంచి ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను ఆపేసింది, మే 23న గాని మళ్లీ వదల్లేదు. ఆ నెలల్లో నెలకు అయిదు లీటర్లు తీసుకునే ఇళ్లు మూడుకు దిగాయి. విడి నూనె అడిగేవారు పెరిగారు. అందులో ఏం కలిసిందో చెప్పడం కష్టం కాబట్టి నేను అమ్మలేదు, కొందరు ఖాతాదారులు ఆ కారణంగానే నా కొట్టు మానేశారు. అయితే ఒక మాట నిజాయతీగా చెప్పాలి: ధర దిగిన తరువాత కూడా చాలా ఇళ్లు అయిదు లీటర్లకు తిరిగి వెళ్లలేదు. పిండివంటలు, వేపుళ్లు తగ్గించి బాగానే ఉన్నామని వాళ్లే చెప్పారు. అలాంటి మార్పును నేను కష్టం నేర్పిన మంచి అలవాటుగానే చూస్తాను.

అరువు గురించి కూడా చెప్పాలి. ఖాతా మీద సరుకు తీసుకునేవారు చేతికి నగదు వచ్చిన రోజున సిగ్గుపడి నా కొట్టు ముందు నుంచి వెళ్లకుండా చుట్టు తిరిగి సూపర్ మార్కెట్టుకు వెళతారు. నాకు కోపం లేదు, కాని అది వాళ్లకే నష్టం. వచ్చిన దానిలో రెండు వందలైనా ఖాతాలో జమ చేసి, మిగతాది ఫలానా తేదీకి ఇస్తానని ముఖం చూసి చెప్పే ఇంటికి ఏ కొట్టువాడూ సరుకు ఆపడు. మీ తమ్ముడి గారిని ఇప్పుడే, పొదుపు ఇంకా మిగిలి ఉండగానే, ఒక కొట్టుతో ఆ నమ్మకం ఏర్పరచుకోమనండి.


జవాబు – ఇందూరు గృహిణి (నిజామాబాద్)

అన్నా, మీ అమ్మగారి మాత్రల సంగతి చదివి నేను కాసేపు ఫోను పక్కన పెట్టేశాను, ఎందుకంటే మా ఇంట్లో ఆ పని చేసింది నేనే. మా ఆయన దుబాయిలో పని చేసేవారు. 2020 వేసవిలో కంపెనీ పని ఆపేసింది, విమానాలు నడిచాక తిరిగి వచ్చారు. మా వైపు ఊళ్లలో చాలా ఇళ్లకు గల్ఫ్ నుంచి వచ్చే డబ్బే ఆధారం కాబట్టి, ఒక్క నెల ఆగితే కట్టే ఇల్లు, ఆడపిల్ల పెళ్లి, చిట్టీ వాయిదా అన్నీ ఒకేసారి ఆగుతాయి.

ఇంటిల్లిపాదికి ఖర్చు తగ్గించామని అంటాం గాని, ఆ తగ్గింపు అందరి కంచాల్లో సమానంగా పడదు. పిల్లలకు గుడ్డు మానలేదు, ఆయనకు, మా మామగారికి పాలు మానలేదు. అత్తమ్మ, నేను మాత్రం చివర కూర్చుని, మిగిలిన పులుసు, తొక్కుతో తిన్నాం. ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమే రాలేదు. ఏడాది తరువాత పరీక్ష చేయిస్తే నాకు రక్తం తక్కువగా ఉందని తేలింది. అందుకే మీ మరదలిని విడిగా కూర్చోబెట్టి, ఆమె ఏం తింటున్నదో, ఏ మందు ఆపిందో మీ భార్య చేత అడిగించండి. మీ తమ్ముణ్ణి అడిగితే అన్నీ సరిగ్గానే ఉన్నాయంటాడు, అబద్ధం చెప్పాలని కాదు, అతనికి కనపడదు.

లాక్‌డౌన్‌లో ప్రభుత్వం తెల్లకార్డు ఉన్నవారికి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. అంతకు ముందు మేము కార్డు బియ్యం తినేవాళ్లం కాదు, సన్నబియ్యం కొనేవాళ్లం. ఆ దొడ్డు బియ్యం వండిన మొదటి రోజు మా మామగారు చిన్నబుచ్చుకున్నారు, మా చిన్నప్పుడు ఇవీ దొరకలేదని అత్తమ్మ సముదాయించింది. ఇడ్లీ, దోశలకు అవి చక్కగా పనికివచ్చాయి, ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణంలో సన్నబియ్యమే మనిషికి ఆరు కిలోలు ఇస్తున్నారు. మీ తమ్ముడికి కార్డు ఉండి, నామోషీతో తీసుకోకుండా ఉంటే, ఆ నామోషీని ముందు వదులుకోమనండి.

ఇక బంగారం. 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, బ్యాంకులు నగల విలువలో 75 శాతానికి బదులు 90 శాతం వరకు అప్పు ఇవ్వవచ్చని 2021 మార్చి 31 దాకా అనుమతించింది. ఎక్కువ ఇస్తున్నారు కదా అని నేను నా గాజులు, హారం రెండూ కుదువ పెట్టి, ఇవ్వగలిగినంతా తీసుకున్నాను. కావలసింది సగమే, మిగతా సగం చేతిలో ఉండడం వల్లనే ఖర్చయిపోయింది. వడ్డీ మాత్రం మొత్తానికీ పెరిగింది. హారం విడిపించలేక చివరికి అమ్మి బాకీ తీర్చాం. బంగారం అవసరానికే అని మా అమ్మ ఇచ్చింది కాబట్టి కుదువ పెట్టినందుకు విచారం లేదు, అవసరానికి మించి తీసుకున్నందుకు ఉంది. అప్పు పత్రం మీద సంతకం పెట్టే ముందు ఆ నెలకు, వచ్చే నెలకు ఎంత కావాలో కాగితం మీద రాసుకుని, అంతకే నగ పెట్టాలి.

మహిళా సంఘం వాయిదా మాత్రం ఒక్కటీ తప్పలేదు. పది మంది ఆడవాళ్ల ముందు కూర్చోవలసి ఉండడం దానికి ఒక కారణం. ఇంకొక కారణం, ఆ పది మందిలో నలుగురి ఇళ్లలో మా ఇంటి పరిస్థితే ఉండడం. నా కష్టం నోరు విప్పి చెప్పుకోగలిగిన చోటు ఆ రోజుల్లో అదొక్కటే.


జవాబు – విశ్రాంత అధ్యాపకుడు (రాజమహేంద్రవరం)

నేను అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ పద్దులో తిండి వాటా మూడో వంతు నుంచి సగానికి పెరగడాన్ని జర్మన్ గణాంక శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే వివరించాడు. బెల్జియం శ్రామిక కుటుంబాల ఖర్చుల వివరాలను పరిశీలించి, కుటుంబం ఎంత పేదదైతే దాని ఖర్చులో తిండి వాటా అంత పెద్దదవుతుందని తేల్చాడు. మన దేశంలో 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామాల్లో ఆ వాటా సుమారు 46 శాతం, పట్టణాల్లో 39 శాతం. 2011-12లో అవి దాదాపు 53, 43 శాతాలుగా ఉండేవి. పదకొండేళ్లలో దేశం నడిచిన దారికి ఎదురుగా మీ ఇల్లు ఆరు నెలల్లో వెనక్కి నడిచిందని ఈ అంకెలు చెబుతున్నాయి.

అదే సర్వేలో ఆచరణకు పనికివచ్చే విషయం ఒకటి ఉంది. గ్రామీణ కుటుంబం ఖర్చులో ధాన్యాలన్నీ కలిపి 5 శాతం లోపే, పాలు, పాల పదార్థాలు 8 శాతం పైన, టీలు, చిరుతిళ్లు, హోటలు తిండి, ప్యాకెట్లలో వచ్చే తినుబండారాలు అన్నీ కలిపి దాదాపు 10 శాతం. ఖర్చు తగ్గించాలనుకోగానే మన చూపు బియ్యం మీద, పప్పు మీద, పాల మీద పడుతుంది, ఎందుకంటే అవి చీటీలో పెద్ద అంకెలుగా కనిపిస్తాయి. బయట తాగిన టీ, కొన్న బజ్జీలు ఏ పద్దులోనూ పడవు. మీ తమ్ముణ్ణి మొదటి నెల ఏదీ తగ్గించకుండా, చిల్లర ఖర్చులను మాత్రం రాయమనండి.

మరొక విషయం చెప్పడానికి కొంచెం సంకోచిస్తున్నాను, అయినా మీరు గణితం చెప్పేవారు కాబట్టి అర్థం చేసుకుంటారు. ఒక ఇంటి పొదుపు మరొక ఇంటి ఆదాయంలో కోత అవుతుంది. 2020లో మీ జీతం ఎందుకు ఆగిందో గుర్తు చేసుకోండి. ఆదాయం లేని తల్లిదండ్రులు ఫీజు కట్టడం ఆపారు. మీరు దసరా బట్టలు ఆపారు, అలాంటి లక్షల ఇళ్ల వల్ల పోచంపల్లి మగ్గాల మీద నేసిన చీరలు అమ్ముడుపోక మిగిలిపోయాయి. తప్పు ఏ ఒక్కరిదీ కాదు. ఇదే కాలంలో ఇంటి నుంచి పని చేస్తూ పూర్తి జీతం అందుకున్నవారు ఖర్చు పెట్టే దారి లేక దాచుకున్నారు. దేశంలో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు, అంటే బ్యాంకులు, బీమా వంటి వాటిలో దాచుకున్న దానిలోంచి అప్పులు తీసేయగా మిగిలేది, 2020-21లో స్థూల దేశీయోత్పత్తి (జీడీపీ)లో 11 శాతం దాటి, 2022-23కు 5 శాతం దగ్గరకు పడిపోయింది. ఆ 11 శాతంలో మీ ఇల్లు గాని, నిజామాబాదు సోదరి ఇల్లు గాని లేవు. అందుకే కష్టకాలంలో జీతం నిలకడగా ఉన్నవారు కూడా భయపడి పాలవాణ్ణి, పనిమనిషిని, ట్యూషన్ మాస్టారుని మాన్పించడం సరికాదని నా అభిప్రాయం. మానవలసిన అవసరం లేనివారు మానడం వల్ల, మానక తప్పనివారి సంఖ్య పెరుగుతుంది.


జవాబు – మాధాపూర్ ఉద్యోగి (హైదరాబాద్)

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా ఆగుతుంది, తల్లిదండ్రులను అందులో చేర్చి ఉంటే వాళ్ల రక్షణా పోతుంది. ఆ బృంద పాలసీ నుంచి అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది, కాని దానికి గడువు ఉంటుంది కాబట్టి ఆదివారం దాకా ఆగకుండా ఈ రోజే కనుక్కోమనండి. నాకు ఉద్యోగం పోయినప్పుడు ప్రీమియం దండగ అనుకుని ఊరుకున్నాను. మూడు నెలల్లోనే మా నాన్నగారికి గుండె శస్త్రచికిత్స అవసరమైంది, ఆ అప్పు ఇంకా కడుతున్నాను. తెల్లకార్డు ఉన్నవారికి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, అర్హత ఉందో లేదో అది కూడా చూసుకోవాలి.


పద్దుపుస్తకం (హనుమకొండ)

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. బీమా సంగతి చదవగానే తమ్ముడికి ఫోను చేశాను. వాడికి ఆ గడువు గురించి తెలియనే తెలియదు. సంస్థకు రాస్తే, ఇంకా కొద్ది రోజులే మిగిలాయని జవాబు వచ్చింది, దరఖాస్తు పెట్టాడు. ఈ ఒక్క దానికైనా ఇక్కడ అడగడం మంచిదైంది.

ఆదివారం వాళ్లు వచ్చారు. నిజామాబాదు అక్క చెప్పినట్టు నా భార్య మరదలిని వంటింట్లోకి తీసుకెళ్లి విడిగా మాట్లాడింది. ఆమె థైరాయిడ్ మాత్రలు నెల రోజులుగా కొనడం లేదని అక్కడ తెలిసింది. తమ్ముడు ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం నలుగురం నడిచి జన ఔషధి దుకాణానికి వెళ్లి ఆమెవి, అమ్మవి కలిపి మూడు నెలలకు సరిపడా తెచ్చాం. పాల ప్యాకెట్టు, పిల్లల గుడ్లు, మందులు, బీమా ప్రీమియం ముట్టకూడదని రాసుకున్నాం. కారు అమ్మడానికి తమ్ముడే ముందుకు వచ్చాడు, దాని వాయిదా ఒక్కటే నెలకు వాళ్ల తిండి ఖర్చుకన్నా ఎక్కువ. అధ్యాపకులు గారు చెప్పిన చిల్లర ఖర్చుల పుస్తకం మరదలు మొదలుపెట్టింది. వాళ్లింట్లో వంట మనిషిని మాన్పించాలా వద్దా అన్న దాని మీద మాత్రం మాకు మాట కుదరలేదు. ఆమె భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు పిల్లలు, వీళ్లది కాక ఇంకొక్క ఇల్లే ఉంది. ఒక పూటకు మార్చి సగం జీతం ఇద్దామని మరదలు అంటోంది.

తెనాలి నుంచి రాసిన వారిని ఒక్కటి అడగాలి. రెండిళ్లకు కలిపి కందిపప్పు, బియ్యం, నూనె మూడు నెలలకు ఒకేసారి కొని పంచుకుందామని అనుకుంటున్నాం. పప్పు అన్ని నెలలు పురుగు పట్టకుండా నిలుస్తుందా, లేక నెలనెలా కొనడమే మంచిదా?


చిల్లరకొట్టు (తెనాలి)

బియ్యం మూడు నెలలకు తీసుకోండి, పాతబడితే అన్నం ఇంకా పొడిపొడిగా వస్తుంది. నూనె ప్యాకెట్ల మీద గడువు చూసి రెండు నెలలకు మించి వద్దు. కందిపప్పు మంచి ఎండలో ఒక రోజు పోసి, చల్లారాక ఎండుమిరపకాయలు వేసి గట్టి మూత డబ్బాలో పెడితే మూడు నెలలు నిలుస్తుంది, వానాకాలంలో మాత్రం నెలకు సరిపడానే కొనండి. వంట మనిషి విషయంలో మీ మరదలు గారి మాటే సరైనదని నాకు తోస్తోంది.